తుంగ పీకినకొద్దీ ఎందుకు మొలుస్తోందంటే

అన్నా, నల్గొండలో కొత్తగా దిగిన ఇంటి లాన్ నిండా తుంగ, వయ్యారిభామ ఉన్నాయి, పీకినా ఆగట్లేదన్నారు కదా. తుంగ ఆకు తెగి వస్తోంది, గడ్డ లోపలే ఉంటోంది. ఒక మొక్క దగ్గర జానెడు లోతు తవ్వి చూడండి, సన్నటి తీగకు నల్లటి గడ్డలు వరుసగా కనిపిస్తాయి. అందుకే దున్నించొద్దు, తీగ తెగితే ఒక్కో గడ్డా ఒక్కో మొక్కవుతుంది. నేల తడిపి, గడ్డపారతో వదులు చేసి గడ్డలతో సహా ఏరేయండి. మళ్ళీ వచ్చిన మొలకలను నాలుగైదు ఆకులు వేయకముందే తీస్తుంటే గడ్డలో సత్తువ తగ్గుతుంది.

వయ్యారిభామను పూతకు ముందే, గ్లౌజులు వేసుకుని వేరుతో పీకండి. ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి.

గరికను మాత్రం ముట్టుకోకండి. మన ఎండకు, ఎర్ర చెలకకు తట్టుకునే లాన్ అదే. తొలకరికి ఖాళీల్లో గరిక కాడలు అర అడుగు ఎడంగా నాటండి. కోసేటప్పుడు ఎత్తులో మూడో వంతుకు మించి తీయొద్దు, మొదలంటా కోస్తే నేలకు వెలుతురు తగిలి కలుపు గింజలు లేస్తాయి.