పాప గ్రూప్ స్కేటింగ్ పోటీకి వెళ్తోంది: ఏం సర్దాలి, ఏం చూడాలి?

ఇందిరా పార్క్ రింక్‌లో నేర్చుకునే మీ పాప తొలిసారి 12 మంది జట్టుతో క్వాడ్స్ (ముందు రెండు, వెనక రెండు చక్రాలుండే స్కేట్లు) మీద, పాటకు తగ్గట్టు కలిసి ఆకారాలు కట్టే పోటీకి దిగుతోందనీ, తనను వరుసలో లోపలి వైపు ఎందుకు పెట్టారో అర్థం కావట్లేదనీ రాశారు. ముందు దానికే జవాబు.

పిల్లలు చేయీ చేయీ పట్టుకుని ఒక కేంద్రం చుట్టూ తిరిగే 'వీల్' అనే ఆకారం ఉంటుంది కదా. లోపలి పాప కేంద్రానికి అర మీటరు దూరంలో ఉంటే, అదే వరుసలో బయటి చివరనున్న నాలుగో పాప దాదాపు 3 మీటర్ల దూరంలో ఉంటుంది. చుట్టు పూర్తయ్యే సమయం ఇద్దరికీ ఒకటే, కానీ బయటి పాప 6 రెట్లు దూరం పోవాలి. అందుకే క్రాస్‌ఓవర్లలో (ఒక కాలిని ఇంకో కాలి మీదుగా వేస్తూ వంపు తిరగడంలో) వేగం ఉన్నవాళ్లను చివర వేస్తారు. లోపలివాళ్లు చిన్న అడుగులతో ఉన్నచోటే తిరుగుతూ కేంద్రం జరగకుండా కాయాలి. కేంద్రం కదిలితే చక్రం మొత్తం ఒక పక్కకు కొట్టుకుపోతుంది, బయటివాళ్లు ఎంత పరుగెత్తినా వరుస వంకరే. కోచ్‌ను అడగాల్సిన విషయం కాదిది. నిజానికి లోపలి స్థానం నిలకడ ఉన్న పిల్లలకే ఇస్తారు.

స్కేట్ల పని రెండు రోజుల ముందే ముగించండి. జతకు 8 వీల్స్, 16 బేరింగులు. ఒక్కో వీల్‌ను వేలితో తిప్పండి. గరగరలాడినా, చటుక్కున ఆగినా లోపల దుమ్ము చేరినట్టే, ఆరుబయట రింకుల్లో ఇది మామూలే. బేరింగు విప్పి, తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. ఎక్కువైతే మళ్లీ దుమ్ము పడుతుంది. నట్టు పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పండి. కొత్త బేరింగులు కొనేటప్పుడు యాక్సిల్ (వీల్ తిరిగే ఇరుసు) 7 మిల్లీమీటర్లా, 8 మిల్లీమీటర్లా చూసుకోండి. 7 యాక్సిల్‌కు 8 బేరింగు వేస్తే వీల్ ఊగుతుంది. టో స్టాపర్‌ను (స్కేటు ముందు కొసన ఉండే బ్రేకును) చేత్తో తిప్పి చూడండి, కదిలితే స్పానర్‌తో బిగించాల్సిందే. అది ఊడి నేల మీద పడితే మీ పాప ఒక్కతే కాదు, వెనకాల వచ్చేవాళ్లూ పడతారు.

వీల్స్ గట్టిదనం జట్టంతా ఒకేలా ఉంటే మంచిది. వాటి మీద 'ఎ' పక్కన ఉన్న అంకె ఎంత పెద్దదైతే అంత గట్టివి, అంత తక్కువ పట్టు. ఒకరివి బాగా జారి, పక్కవారివి పట్టేస్తే ఎంత సాధన చేసినా మధ్యలో సందు తెరుచుకుంటుంది. పోటీ ముందురోజు మాత్రం కొత్త వీల్స్, కొత్త బూట్లు వద్దు.

డ్రెస్సుకు పూసలు, చమ్కీలు అతికిస్తే సరిపోదు, కుట్టించండి. పిన్నీసులు వద్దు. జడ వేలాడకుండా కొప్పు చుట్టి నెట్ పెట్టండి. తిండి రెండు గంటల ముందు, ఇడ్లీలాంటిది. బిర్యానీ పోటీ అయ్యాకే!

కూర్చోవడానికి రింకు పొడవాటి వైపు మధ్యలో, వీలైనంత పైమెట్టు చూసుకోండి. రెయిలింగ్ దగ్గర నిలబడితే తలలు తప్ప ఆకారాలు కనబడవు. మీ పాపనే చూస్తూ కూర్చుంటే ఆట సగం కూడా అర్థం కాదు. వరుసల మధ్య ఎడం సమంగా ఉందా, లేపిన కాళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయా, ఒక ఆకారం నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఎవరైనా ఆగి చూస్తున్నారా అన్నవి గమనించండి. రెండు వరుసలు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయే 'ఇంటర్‌సెక్షన్' దగ్గరే ఎక్కువ ఢీకొంటారు. కారణం చాలాసార్లు ఒకటే: ఎవరో ఒకరు పాట తాళం లెక్క తప్పి అర క్షణం ఆలస్యంగా తిరగడం. కాబట్టి పాట నడుస్తుండగా పేరు పెట్టి అరవకండి. పిల్లలు లోపల లెక్క వేసుకుంటుంటారు.

వీడియో ఫోన్ అడ్డంగా పెట్టి, జూమ్ చేయకుండా, జట్టంతా పట్టేలా తీయండి. కోచ్‌కు పనికొచ్చేది అదే.

ఎవరైనా పడితే జట్టు ఆగదు. పడిన పాప లేచి, వరుసల మధ్యకు దూరకుండా అంచు వెంబడి వచ్చి తర్వాతి ఆకారంలో తన చోట కలవాలి. ఇది ముందే సాధన చేయించారా అని కోచ్‌ను అడగండి. మీరు మాత్రం లోపలికి పరుగెత్తకండి.