దాచుకున్న డబ్బుతో పెన్షన్ పాలసీ: సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: నా వయసు 63. ముప్పై ఏళ్లకు పైగా మందుల షాపు నడిపి ఈమధ్యే మూసేశాను. పీఎఫ్, ఎన్‌పీఎస్ లాంటివేవీ లేవు. బ్యాంకులో 22 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఇంట్లో 4 లక్షల నగదు ఉన్నాయి. మొత్తం ఒకేసారి కట్టేస్తే వచ్చే నెల నుంచే జీవితాంతం పెన్షన్ వస్తుందని, దానికి పన్ను ఉండదని తెలిసిన బీమా ఏజెంటు చెబుతున్నారు. నగదును రెండు మూడు దఫాలుగా తన చేతికిస్తే తనే కట్టేస్తానన్నారు. పాలసీ మా ఆవిడ పేరున తీసుకోమని, తన కమీషన్‌లో సగం నాకే ఇస్తానని కూడా అన్నారు. నా తర్వాత మా ఆవిడకు పెన్షన్ వస్తుందా? మధ్యలో అవసరం పడితే డబ్బు వెనక్కి తీసుకోవచ్చా? అబ్బాయిని నామినీగా పెడితే అమ్మాయికి హక్కు పోతుందా?
- ఒక పాఠకుడు

జవాబు: ఉద్యోగం చేయనివారు కూడా సొంత డబ్బుతో పెన్షన్ కొనుక్కోవచ్చు. బీమా కంపెనీలు అమ్మే తక్షణ యాన్యుటీ పాలసీలు ఇందుకోసమే ఉన్నాయి. ఒకేసారి సొమ్ము కడితే నెలకో, మూడు నెలలకో, ఏడాదికో పెన్షన్ మొదలవుతుంది. అంతవరకు మీ ఏజెంటు చెప్పింది సరైనదే. మిగతా మాటల్లో చాలావాటిని నమ్మి అడుగు వేయకండి.

ముందు అసలు విషయం. మీరు కట్టేదాన్ని పాలసీ పత్రంలో ‘కొనుగోలు ధర’ అంటారు. ఆ పేరులోనే సంగతంతా ఉంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో అసలు మీదే, బ్యాంకు దాన్ని వాడుకుని వడ్డీ ఇస్తుంది. యాన్యుటీలో అసలును కంపెనీకి ఇచ్చేసి, బదులుగా జీవితాంతం పెన్షన్ పొందే హక్కు కొనుక్కుంటున్నారు. ఆ అసలు ఎప్పుడైనా, ఎవరికైనా తిరిగి వస్తుందా లేదా అన్నది ప్రతిపాదన ఫారంలో ఏ ఆప్షన్ దగ్గర టిక్ పెట్టారన్న దాన్ని బట్టే ఉంటుంది. పెన్షన్ మొదలయ్యాక ఆప్షన్ మార్చమంటే మార్చరు. నా దగ్గరికి వచ్చే యాన్యుటీ తగాదాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క టిక్ దగ్గర మొదలైనవే. ఫారం ఏజెంటు నింపుతారు, ఖాతాదారు చివరి పేజీలో సంతకం పెడతారు, ఏ గడిలో టిక్ పడిందో ఇంట్లో ఎవరూ చూడరు.

ఆప్షన్లలో మీకు ముఖ్యమైనవి మూడు. మొదటిది, మీరు బతికున్నంత కాలం పెన్షన్, ఆ తర్వాత ఏమీ లేదు. నెల పెన్షన్ దీనిలోనే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి ఏజెంట్లు ఈ అంకెనే ముందు చూపిస్తారు. రెండో ఏడాదే మీకేమైనా జరిగితే 26 లక్షలూ కంపెనీవే, మీ ఆవిడకు రూపాయి రాదు. రెండోది, మీ తదనంతరం కొనుగోలు ధర నామినీకి తిరిగి ఇచ్చేది. ఇందులో పెన్షన్ తగ్గుతుంది. మూడోది ఉమ్మడి యాన్యుటీ: మీరున్నంత కాలం మీకు, తర్వాత మీ ఆవిడకు, ఇద్దరి తర్వాత కొనుగోలు ధర నామినీకి. మీ ఉత్తరం చదివితే మీరు కోరుకుంటున్నది ఈ మూడోదే. అందులోనూ మీ తర్వాత ఆవిడకు పెన్షన్ పూర్తిగా వస్తుందా, సగమే వస్తుందా అన్నది చూసుకోండి. కొన్ని పాలసీల్లో రెండు రకాలూ ఉంటాయి.

తేలికగా పోల్చుకోవాలంటే సరళ పెన్షన్‌తో మొదలుపెట్టండి. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన ప్రామాణిక పాలసీ ఇది. ఏ కంపెనీ దగ్గర కొన్నా షరతులు ఒకటే, పెన్షన్ రేటు మాత్రం మారుతుంది. రెండే ఆప్షన్లు, రెండిట్లోనూ కొనుగోలు ధర తిరిగి వస్తుంది: ఒకటి మీ ఒక్కరికే, రెండోది భార్యాభర్తలిద్దరికీ.

మధ్యలో డబ్బు వెనక్కి తీసుకోవడం గురించి. సరళ పెన్షన్‌లో ఆరు నెలలు గడిచాక మీకు గానీ, మీ ఆవిడకు గానీ, పిల్లలకు గానీ పాలసీలో పేర్కొన్న తీవ్రమైన జబ్బుల్లో ఏదైనా వస్తే సరెండర్ చేయవచ్చు. కొనుగోలు ధరలో 95 శాతం ఇస్తారు. ఆరు నెలల తర్వాత అప్పు కూడా తీసుకోవచ్చు. కానీ మనవరాలి చదువుకో, ఇంటి మరమ్మతుకో కావాలంటే సరెండర్ ఒప్పుకోరు. ఇతర పాలసీల్లో ఆప్షన్‌ను బట్టి నిబంధనలు వేరు. కొనుగోలు ధర తిరిగిరాని ఆప్షన్లలో మామూలుగా సరెండర్ అన్న మాటే ఉండదు. అందుకే 26 లక్షలూ ఇందులో పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అరవై దాటినవారికి సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల వరకు పెట్టుకునే వీలుంది. అయిదేళ్ల గడువు, అవసరమైతే కొంత కోతతో ముందే తీసుకోవచ్చు. యాన్యుటీకి ఉన్న గొప్పతనం ఒక్కటే: మీరు తొంభై అయిదేళ్లు బతికినా ఈ రోజు ఒప్పుకున్న రేటు మారదు. ధరలు పెరిగినా ఆ పెన్షన్ పెరగదన్నది దాని అవతలి వైపు. ఏటా 3 శాతం పెరిగే ఆప్షన్లు ఉన్నా, అవి తక్కువ పెన్షన్‌తో మొదలవుతాయి.

ఇక నగదు. ఇంట్లో నగదు దాచుకోవడం నేరం కాదు. అయితే ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజు గానీ, ఒకే లావాదేవీకి గానీ, ఒకే సందర్భానికి సంబంధించిన లావాదేవీలన్నిటికీ కలిపి గానీ 2 లక్షలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవడానికి వీల్లేదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది 269ఎస్‌టీ సెక్షన్. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2025 చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి గానీ ఈ కట్టడి పోలేదు. దఫాలుగా ఇచ్చినా పాలసీ ఒకటే కాబట్టి ముక్కలు చేసిన ఫలితం ఉండదు. జరిమానా పుచ్చుకున్నవారి మీద పడుతుంది, అదీ పుచ్చుకున్నంత మొత్తం.

దీనికంటే పెద్ద ప్రమాదం ఏజెంటు చేతికి డబ్బు ఇవ్వడం. కంపెనీ అధికారం ఇవ్వకపోతే ఏజెంటు చేతికిచ్చిన ప్రీమియం కంపెనీకి కట్టినట్టు కాదని, ఎల్‌ఐసీకి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. ఆయన మంచివారే కావచ్చు. దారిలో ఆ డబ్బుకు ఏం జరిగినా నష్టం మీదే.

ఆ 4 లక్షలను ముందు మీ సొంత ఖాతాలో వేయండి. నగదు డిపాజిట్‌కు బ్యాంకు పాన్ అడగవచ్చు. సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదిలో 10 లక్షలు, ఆపైన నగదు పడితే బ్యాంకు ఆ సమాచారాన్ని ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది. మీ మొత్తం అంతకు చాలా తక్కువ. అయినా ఎక్కడిదని అడిగితే చెప్పగలగాలి. షాపు ఉన్నన్నాళ్లూ వేసిన రిటర్నులు, సరుకు పుస్తకాలు, మూసేటప్పుడు మిగిలిన స్టాకు అమ్మిన కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకోండి. రోజుకు కొంచెం కొంచెంగా వేయమని ఎవరైనా చెబితే వినకండి. అసలు అనుమానం రాని చోట అలాంటి డిపాజిట్లే అనుమానం తెస్తాయి. ఖాతా నుంచి కంపెనీ పేరున చెక్కు ఇవ్వండి, లేదా నేరుగా కంపెనీ ఖాతాకు పంపండి.

పన్ను ఉండదన్నది తప్పు. సొంత డబ్బుతో కొన్న యాన్యుటీ మీద వచ్చే పెన్షన్ మొత్తం ఆదాయమే. మీ అసలులో కొంత భాగమే తిరిగి వస్తోంది కదా అన్న వాదన మన చట్టంలో నిలవదు. ఉదాహరణకు ఏటా లక్షా 60 వేలు వస్తే, ఆ లక్షా 60 వేలూ రిటర్నులో ‘ఇతర ఆదాయాలు’ కింద చూపాలి. ఇది జీతం కాదు కాబట్టి ఉద్యోగుల పెన్షన్‌కు ఉండే స్టాండర్డ్ డిడక్షన్ రాదు. కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల మీరు కట్టాల్సింది సున్నా కావచ్చు. బహుశా మీ ఏజెంటు ఇది విని ‘పన్ను లేదు’ అని చెప్పి ఉంటారు. కట్టాల్సింది లేకపోయినా చూపించాల్సిన బాధ్యత మాత్రం మీకు ఉంటుంది.

ఆవిడ పేరున తీసుకుంటే పన్ను తప్పుతుందన్న ఆలోచన ఉంటే అదీ తప్పే. మీ డబ్బు ఆమెకు ఇచ్చి, దానితో ఆమె పేరున కొంటే వచ్చే పెన్షన్‌ను మీ ఆదాయంలోనే కలుపుతారు. ఆమె సొంత సంపాదనతోనో, స్త్రీధనంతోనో కొంటే అది వేరు. ఉమ్మడి యాన్యుటీలో మీ తర్వాత ఆమెకు వచ్చే పెన్షన్ ఆమె ఆదాయమే.

కమీషన్‌లో సగం తిరిగి ఇస్తానన్న మాటకు ఒప్పుకోకండి. 1938 బీమా చట్టంలోని 41వ సెక్షన్ కింద అలా ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడం కూడా తప్పే. ఆ కొద్ది డబ్బు కోసం ఒప్పుకుంటే రేపు కంపెనీతో గొడవ వచ్చినప్పుడు మీరే బలహీనపడతారు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి: మీ ఇద్దరి పుట్టిన తేదీలు. యాన్యుటీకి వైద్య పరీక్ష ఉండదు, ఎందుకంటే మీకు బీపీ, షుగర్ ఉన్నాయని తెలిస్తే కంపెనీకి వచ్చే నష్టమేమీ లేదు. వాళ్లకు కావాల్సింది వయసు, పెన్షన్ రేటు దాని మీదే నడుస్తుంది. మన దగ్గర ఆ తరం ఆడవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 పుట్టిన రోజు. స్కూల్ సర్టిఫికెట్‌లో ఒకటి, పాన్‌లో ఇంకొకటి. వయసుకు ఆధార్‌ను రుజువుగా తీసుకోవడం సరికాదని, స్కూల్ సర్టిఫికెట్ మేలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక పరిహారం కేసులో చెప్పింది. తేడాలుంటే ఇప్పుడే సరిచేయించుకోండి. మీరు లేనప్పుడు ఆవిడ ఒక్కరూ ఆఫీసుల చుట్టూ తిరగడం కంటే ఇది తేలిక.

నామినీ విషయం. బీమా చట్టంలోని 39వ సెక్షన్‌కు 2015లో చేసిన సవరణ ప్రకారం తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లల్లో ఎవరినైనా నామినీగా పెడితే వారికి ఆ సొమ్ముపై లబ్ధిదారు హక్కు, అంటే దాన్ని తమదిగా పొందే హక్కు ఉంటుంది. ఇది వారసత్వ చట్టాన్ని కూడా దాటిపోతుందా అన్న దాని మీద హైకోర్టులు ఒకే మాట మీద లేవు. అంటే అబ్బాయిని ఒక్కడినే పెడితే అమ్మాయి రేపు కోర్టుకు వెళ్లవచ్చు, గెలవవచ్చు, గెలవకపోనూవచ్చు. హిందూ వారసత్వ చట్టం కింద వీలునామా లేకుండా మీరు పోతే భార్య, కొడుకు, కూతురికి సమాన వాటాలు. ఇద్దరికీ సమానంగా ఇవ్వాలన్నదే మీ ఉద్దేశమైతే ఇద్దరినీ చెరి 50 శాతం నామినీలుగా రాయండి. అలా కాకపోతే, ఎవరికెంత అన్నది పాలసీ నంబరుతో సహా వీలునామాలో రాసి ఇద్దరు సాక్షులతో సంతకం చేయించండి.

కంపెనీ మునిగితే అన్న భయం మీ ఉత్తరంలో లేదు గానీ, ఇంత మొత్తానికి అది ఆలోచించాల్సిందే. ఎల్‌ఐసీ పాలసీలకు 1956 చట్టంలోని 37వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల వరకు బీమా ఉంది. ప్రైవేటు బీమా కంపెనీలకు ఐఆర్‌డీఏఐ పర్యవేక్షణ ఉంది తప్ప ఈ రెండిట్లో ఏదీ లేదు.

పాలసీ పత్రం చేతికొచ్చిన రోజే ఆప్షన్ పేరు, మీ ఆవిడ పేరు, పుట్టిన తేదీలు, పెన్షన్ మొత్తం చూడండి. ఏజెంటు కాగితం మీద పెన్నుతో రాసిచ్చిన లెక్క చెల్లదు, పత్రంలో ఉన్నదే ఒప్పందం. నచ్చకపోతే అందిన 30 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. స్టాంపు డ్యూటీ, అప్పటికే పెన్షన్ ఇచ్చి ఉంటే అది మినహాయించి మిగతాది వెనక్కి ఇస్తారు. రద్దు ఉత్తరం బ్రాంచిలో ఇచ్చి ముద్ర వేయించిన నకలు తెచ్చుకోండి. ఫోన్‌లో చెప్పానంటే సరిపోదు.

అప్పటికీ కంపెనీ వినకపోతే ముందు దాని ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చు. 50 లక్షల వరకు వివాదాలు అక్కడ తీసుకుంటారు, ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడానికి అక్కడ వీల్లేదు, మీరే వెళ్లి చెప్పుకోవాలి. తీర్పు మీకు అనుకూలంగా వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి.