పాప స్విట్జర్లాండ్ ట్రిప్‌కి గొలుసు కుదవ పెట్టాలా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి. గాంధీ రోడ్డు దగ్గర స్టీలు సామాన్ల చిన్న అంగడి నడుపుతున్నా. మా అమ్మాయి సెప్టెంబరులో జర్మనీ వెళ్లింది, కెమ్నిట్జ్‌లో ఎంఎస్ చదువుతోంది. క్రిస్మస్ సెలవుల్లో నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి కారు అద్దెకు తీసుకుని ఐదు రోజులు స్విట్జర్లాండ్ పోవాలంటోంది. మనిషికి 750 యూరోలు అవుతుందంట, అంటే దాదాపు 80 వేలు, వీసా ఖర్చు వేరే ఉంటుందేమో తెలీదు. వీసాకు ఏడాది ఖర్చు ముందే కట్టి చూపించే బ్లాక్డ్ అకౌంట్ కోసం ఉన్న ఎఫ్‌డీలన్నీ తీసేశాం, చాలక మా బావమరిది దగ్గర 3 లక్షలు చేబదులు తీసుకున్నాం. ఇప్పుడు బ్యాంకులో 40 వేలు ఉంది. మా ఆవిడ బంగారం ఎనిమిది సవర్లు ఉంది, చీటీ ఒకటి నడుస్తోంది. గోల్డ్ లోన్, క్రెడిట్ కార్డు, ఫోన్‌లో వచ్చే లోన్ యాప్, ఈ మూడింట్లో ఏది మేలు? బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు ఉంది, అక్కడ ఇన్సూరెన్స్ కూడా ఉంది కాబట్టి ఎమర్జెన్సీ టెన్షన్ అయితే లేదు.

జవాబు: మీ ఉత్తరంలో ఆ చివరి వాక్యం లేకపోయి ఉంటే రెండు ముక్కల్లో తేల్చేసేవాణ్ని. పిల్లల్ని బయటి దేశాలకు పంపిన తల్లిదండ్రులు చాలామంది ఇదే మాట అంటున్నారు, ముఖ్యంగా జర్మనీ పంపినవాళ్లు. బ్లాక్డ్ అకౌంట్‌లో పన్నెండు లక్షలు పైన ఉన్నాయి కదా, ఇంకేం భయం అని. ఆ డబ్బు ఎమర్జెన్సీ కోసం కాదండీ. అది పాప అద్దె, అన్నం, బస్సు.

మీరు కట్టింది 11,904 యూరోలు. అందులోంచి ఆమె చేతికి వచ్చేది నెలకు 992 మాత్రమే. కాలు విరిగినా, ల్యాప్‌టాప్ పోయినా, ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నా వచ్చే నెల డబ్బు ఈ నెలలో ఇవ్వరు, ఆ అకౌంట్ పెట్టించిందే అందుకు. ఆ 992లోంచి హెల్త్ ఇన్సూరెన్స్‌కే 140 యూరోలకు పైన పోతుంది, తర్వాత రూము అద్దె, ఫోను, కూరగాయలు. మిగిలేదేదో మిగులుతుంది, కొన్ని నెలలు ఏమీ మిగలదు. పైగా రెసిడెన్స్ పర్మిట్ పొడిగించుకునేటప్పుడు, ముందున్న కాలానికి ఎలా బతుకుతారో అక్కడి ఆఫీసుకు మళ్లీ చూపించాలి. ఆ సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎఫ్‌డీలు అయిపోయాయి, బావమరిది దగ్గర ఒకసారి అయింది. రెండోసారి ఎవరి దగ్గరికి వెళ్తారు?

ఇక ఇంటి వైపు చూద్దాం. మీ ఇంటి ఖర్చు ఎంతో మీరు రాయలేదు, తిరుపతిలో ఇద్దరు మనుషులు, అంగడి అద్దె, కరెంటు, చీటీ వాయిదా కలిపి నెలకు 35 వేలు అనుకుందాం. ఎమర్జెన్సీకి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటే 2 లక్షల 10 వేలు కావాలి. మీ దగ్గరున్నది 40 వేలు. అంటే ఐదు వారాలు కూడా గట్టిగా రాదు. అంగడి వ్యాపారం నెలజీతం లాంటిది కాదని నాకంటే మీకే బాగా తెలుసు, బ్రహ్మోత్సవాలప్పుడు, వేసవి సెలవుల్లో ఉన్న గిరాకీ మిగతా నెలల్లో ఉండదు. ఇట్లాంటి ఇంట్లోంచి 80 వేలు అప్పు తెచ్చి ఐదు రోజుల ట్రిప్‌కి పంపడమంటే, ఆ తర్వాత ఏ చిన్న కష్టం వచ్చినా నేరుగా వడ్డీ వ్యాపారి గడపకే పోవాలి. ఏ అప్పు చవక అనేది దీని తర్వాత మాట.

అయినా అడిగారు కాబట్టి చెప్తా. లోన్ యాప్ అనే మాట మీ ఉత్తరంలో చూసి నిజంగా కోపం వచ్చింది. ఐదు నిమిషాల్లో అప్పిచ్చేవాడు ఆరో నిమిషం నుంచి ఏం చేస్తాడో ఈ జిల్లాలో పేపరు చదివేవాళ్లందరికీ తెలుసు. ఆ యాప్‌ని ఇప్పుడే ఫోన్‌లోంచి తీసేయండి. క్రెడిట్ కార్డు సంగతి, బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడున్నర శాతం వడ్డీ వేసే కార్డులు బోలెడు. 80 వేల మీద అది నెలకు 2,800, దాని మీద జీఎస్‌టీ. పాప ఆ కార్డును అక్కడ గీకితే యూరోల్లో కొన్న ప్రతిదానికీ మార్కప్ అనే అదనపు ఛార్జీ ఇంకో మూడు, మూడున్నర శాతం, ఏటీఎంలో నోట్లు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ. వద్దు.

మూడింట్లో గోల్డ్ లోనే చవక, నిజమే. బ్యాంకులో పెడితే 9, 10 శాతం చుట్టుపక్కల దొరుకుతుంది, 80 వేలకు ఏడాదికి ఎనిమిది వేలు వడ్డీ. ఒక్క గొలుసే కదా, మిగతా బంగారం ఇంట్లోనే ఉంటుంది కదా అంటారు. సరే, ఏడాది తిరిగేసరికి 88 వేలు ఒకేసారి ఎక్కడి నుంచి తెస్తారు? చాలా ఇళ్లలో జరిగేదేంటంటే, వడ్డీ మాత్రం కట్టి లోన్ తిరగరాయించుకుంటారు, మళ్లీ ఏడాది, మళ్లీ ఏడాది, చివరికి వేలం నోటీసు వస్తుంది. మీ ఇంట్లో ఇప్పుడు ఎమర్జెన్సీ ఫండ్ అని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఆ ఎనిమిది సవర్లే. రేపు రుయాలోనో స్విమ్స్‌లోనో అర్ధరాత్రి అవసరం పడితే తాకట్టు పెట్టాల్సిన వస్తువును మంచు చూడటానికి పెడతానంటే నేను ఒప్పుకోను.

ఇంకొకటి. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు మీ ఎఫ్‌డీల్లోంచి మీ పాన్ మీదే ఈ ఆర్థిక సంవత్సరంలో వెళ్లి ఉంటే, ముందస్తు పన్ను లేకుండా ఏడాదికి బయటి దేశాలకు పంపగలిగే మీ 10 లక్షల పరిమితి దాటిపోయింది. ఇకపై మార్చి ఆఖరులోపు చదువుకో వైద్యానికో కాకుండా పంపే ప్రతి రూపాయి మీద 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకే ముందుగా తీసుకునే పన్ను, పట్టుకుంటారు. 80 వేలు పంపాలంటే ఇంకో 16 వేలు కట్టాలి. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. దీన్ని తప్పించుకోవడానికి చదువు ఖర్చని రాసి పంపే తెలివి ఎవరైనా చెప్తే వినకండి.

ఇప్పుడు ఇన్సూరెన్స్. జర్మనీలో ఉన్నంతవరకు పాపకు మంచి రక్షణ ఉంది, మనకు ఇక్కడ లేనంత మంచిది. అక్కడి ఇన్సూరెన్స్ కార్డు వెనుక వైపు యూరోపియన్ హెల్త్ కార్డు కూడా ఉంటుంది, దాన్ని చూసే పిల్లలు యూరప్ మొత్తం చెల్లుతుందనుకుంటారు. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల పౌరులు, అంటే మన పిల్లలు, ఆ కార్డుతో స్విట్జర్లాండ్‌లో వైద్యం చేయించుకోవడం కుదరదు. డెన్మార్క్, నార్వే, ఐస్‌లాండ్, లీకెన్‌స్టైన్‌లలో కూడా అంతే. ఆస్ట్రియాకో ఇటలీకో పోతే పని చేస్తుంది, కానీ అక్కడ కూడా కొండ మీంచి హెలికాప్టర్‌లో దించినా, మనిషిని వెనక్కి తరలించినా ఆ కార్డు ఇవ్వదు. డిసెంబరులో ఆల్ప్స్ కొండల్లో మంచు మీద జారి పడటం అరుదైన విషయమేం కాదు, మన పిల్లలకు ఆ నేల మీద నడక కూడా కొత్త. కాలు విరిగితే బస్సెక్కి పోయి పుత్తూరు కట్టు కట్టించుకునే వీలు స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్‌లో లేదు. స్విట్జర్లాండ్ ఆసుపత్రి బిల్లు ముందు మీ 750 యూరోలు టిప్పు కింద కూడా రావు.

దీనికి మందు చవకే. జర్మనీలో నివాసం ఉండేవాళ్లకు ప్రయాణాల కోసం విడిగా హెల్త్ పాలసీ అమ్ముతారు, ఈ వయసు పిల్లలకు ఏడాది మొత్తానికి పది, ఇరవై యూరోల మధ్యలో దొరుకుతుంది, ఏడాదిలో ఎన్ని ట్రిప్పులైనా సరే, ఒక్కో ట్రిప్ ఇన్ని వారాలు మించకూడదని ఒక షరతు ఉంటుంది. పాప ఈ ట్రిప్‌కి పోయినా పోకపోయినా ఈ వారమే అది కొనమనండి. కొండల్లో రక్షించే ఖర్చు ఎంతవరకు ఇస్తారో, స్కీయింగ్‌కు వర్తిస్తుందో లేదో కొనేముందు చదవమనండి. తన స్టూడెంట్ ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా ఒక ఈమెయిల్ పెట్టి, స్విట్జర్లాండ్‌లో ఏం ఇస్తారో రాతపూర్వకంగా తెప్పించుకోమనండి. వాళ్లు జవాబిస్తారు.

అద్దె కారు మాట కూడా నాకు నచ్చలేదు. నడిపేది ఎవరు? సీనియర్ అబ్బాయి ఎవరో ఉండి ఉంటాడు, అతని దగ్గర ఇండియా లైసెన్సే ఉండి ఉంటుంది. జర్మనీలో నివాసం మొదలైన ఆరు నెలల తర్వాత మన లైసెన్సుతో అక్కడ బండి నడపకూడదు, జర్మన్ లైసెన్స్ తెచ్చుకోవాలి. చెల్లని లైసెన్సుతో నడిపి ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ డబ్బులో కొంత మీ పిల్లల దగ్గరే వసూలు చేసే పరిస్థితి రావచ్చు. కారు, రూములు పాప కార్డు మీద బుక్ చేసి మిగతావాళ్లు తర్వాత ఇస్తారన్న ఏర్పాటు ఏదైనా ఉంటే అది కూడా మానుకోమనండి, ఐదుగురి డిపాజిట్ ఒకరి అకౌంట్‌లోంచి పోతే ఆ నెల అద్దె ఎవరు కడతారు. వీసా గురించి మాత్రం దిగులు పడొద్దు, జర్మనీ రెసిడెన్స్ పర్మిట్‌తో స్విట్జర్లాండ్‌లో కొద్దిరోజులు తిరగొచ్చు, వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు, పర్మిట్ రెండూ దగ్గర ఉంచుకోవాలి.

అంటే పాప ఎక్కడికీ పోకూడదా? పోవాలి. ఇరవై రెండేళ్ల పిల్లను క్రిస్మస్ రోజుల్లో, అంగళ్లన్నీ మూసేసి నాలుగింటికే చీకటి పడే ఊళ్లో, ఖాళీ హాస్టల్లో ఒంటరిగా కూర్చోబెట్టమని నేను చెప్పను. సెమిస్టర్ టికెట్ మీద రీజినల్ రైళ్లలో తిరగొచ్చేమో చూసుకోమనండి. కెమ్నిట్జ్ నుంచి డ్రెస్డెన్ గంట ప్రయాణం, అక్కడి నుంచి లోకల్ రైల్లో జర్మనీలోనే ఉన్న సాక్సన్ స్విట్జర్లాండ్ అనే కొండల ప్రాంతానికి పోవచ్చు, రాథెన్ ఊరి దగ్గర బాస్టై వంతెన ఉంది, ఎల్బే నది పక్కనే రాళ్ల కొండలు, చూడటానికి చాలా బాగుంటుంది. రెండు రాత్రులు యూత్ హాస్టల్లో ఉండి, తామే వండుకుని తింటే 750లో చిన్న ముక్కతో అయిపోతుంది, ఇన్సూరెన్స్ కూడా పూర్తిగా చెల్లే దేశంలోనే ఉంటారు. అసలు స్విట్జర్లాండ్‌కి సెప్టెంబరులో పోవచ్చు, న్యూ ఇయర్ రేట్లు అప్పుడు ఉండవు. స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చు. ఆ సంపాదనలోంచి ముందు 1,500 యూరోలు తన పేరు మీద విడిగా పెట్టుకోనివ్వండి. ఒక నెల ఖర్చుకు, అవసరమైతే రాత్రికి రాత్రి టికెట్ కొని చెన్నైలో దిగడానికి సరిపోతుంది. ఆ 1,500 నిండాక వచ్చే డబ్బుతో ఎక్కడికి పోయినా మీరు గానీ నేను గానీ అడగాల్సిన పని లేదు.

ఇంట్లో మీరు చేయాల్సింది కూడా అంతే. నెలకు ఐదువేలో ఏడువేలో అంగడి అకౌంట్‌లో కలపకుండా పక్కన వేయండి, సీజన్ నెలల్లో ఎక్కువ వేయండి, 2 లక్షల 10 వేలు అయ్యేదాకా దాని వైపు చూడొద్దు. చీటీని ట్రిప్ కోసం తోసి పాడుకోవద్దు, వీలైనంత చివరిదాకా ఉంచితే పర్మిట్ పొడిగింపు సమయానికి అక్కరకొస్తుంది. బావమరిది 3 లక్షలు అడగడం లేదు కదా అని అప్పు లెక్కలో రాసుకోకుండా ఉండకండి. ఆల్ప్స్ ఫోటోలు ఆయన ఫోన్‌లో కూడా కనిపిస్తాయి.

పాపకు ఈ మాట చెప్పడం కష్టమంటారేమో. పక్కన ఉన్న నలభై వేల సంగతి, బావమరిది అప్పు సంగతి ఆమెకు అసలు తెలుసా? చాలా ఇళ్లలో పిల్లలకు చెప్పరు, ఇబ్బంది పెట్టడం ఎందుకని. ఎంఎస్ చదివే అమ్మాయికి ఇంటి లెక్క అర్థమవుతుంది. ఆదివారం వీడియో కాల్‌లో ఉన్నదున్నట్టు చెప్పండి, అంకెలతో సహా.

మీ ఇద్దరికీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉందో లేదో మీరు రాయలేదు, లేదనే అనుకుంటున్నా. పాప దూరంగా ఉన్నప్పుడు మీకు ఏదైనా అయితే ఈ లెక్కలన్నీ ఒక్క రాత్రిలో తలకిందులవుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్‌టీ లేదు. ఇద్దరికీ కలిపి వర్తించే పది లక్షల ఫ్లోటర్ పాలసీ ఒకటి తీసుకోండి. బీపీ, షుగర్ ఏదున్నా ఫారంలో దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఇప్పుడు మూడేళ్లకు మించి పెట్టకూడదు, కాబట్టి ఎంత తొందరగా మొదలుపెడితే అంత తొందరగా అది అయిపోతుంది.