పొట్టుతో కరెంటు అంటే అధికారులు ఎందుకు వినరు, ఎప్పుడు వింటారు

చెనక్కాయ పొట్టుతో నడిచే గ్యాసిఫయర్ (పొట్టును తక్కువ గాలిలో కాల్చి, ఇంజన్ నడిపే గ్యాసుగా మార్చే యంత్రం) గురించి, ప్రభుత్వం మారాక వచ్చిన కొత్త అధికారులకు ఎలా చెప్పాలని అడిగారు. మాది కళ్యాణదుర్గం వైపు. మా మామకు చెనక్కాయలు ఒలిచే మిల్లు ఉంది, అందులో ఈ గ్యాసిఫయర్ ఉంది. 2024లో ప్రభుత్వం మారాక దానికి సబ్సిడీ కోసం ఆయన తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగింది నేనే. మొదటి రెండుసార్లూ నేనే చెడగొట్టుకున్నాను.

మొదట కొత్తగా గెలిచిన ఒక నాయకుడి దగ్గరికి శాలువా, ఇరవై పేజీల ఫైలు పట్టుకుపోయాను. అక్కడ శాలువాలతో నిలబడ్డవాళ్లే వంద మంది. ఫైలు పీఏ చేతికి పోయింది, అంతే.

రెండోసారి ఒక పెద్దాఫీసర్ని కలిసి "ఇది సరికొత్త టెక్నాలజీ సార్" అన్నాను. అసలు ఆ మాటే అబద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరక్క యూరప్‌లో కార్లు కట్టెల గ్యాసుతో నడిచాయి. బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో 1980ల నుంచి దీని మీద పని జరుగుతోంది. పైగా కొత్తగా కుర్చీ ఎక్కినాయనకు "సరికొత్త" అంటే రేపు ఆడిట్‌లో మెడకు చుట్టుకునేదని వినిపిస్తుంది. "ఇంత ఎండ, ఇంత గాలి ఉన్న జిల్లాలో పొట్టు ఎందుకయ్యా?" అన్నారాయన. రామగిరి గాలిమరలు, ఎన్‌పీ కుంట సోలార్ చూసినవాళ్లు ఎవరైనా అదే అడుగుతారు. నాకు నోట మాట రాలేదు. బస్సెక్కాక తట్టింది జవాబు: మిల్లు సీజన్ చలికాలంలో, రాత్రి పదింటి దాకా ఆడుతుంది. ఎండ ఆరింటికే పోతుంది, గాలి ఆషాఢంలో ఉన్నట్టు సంక్రాంతికి ఉండదు.

మూడోసారి పైకి పోలేదు. మంత్రులు మారినా సీటు మారని ఒక కరెంటు శాఖ డీఈ (డివిజనల్ ఇంజనీరు) గారిని పట్టుకున్నాను. "సబ్సిడీ అడగను సార్, ఒక్కసారి వచ్చి చూడండి" అన్నాను. వచ్చారు. ఆయన అడగకముందే లోపాలన్నీ చెప్పేశాను. పొట్టు వదులుగా పోస్తే లోపల గూడు కట్టి గ్యాసు ఆగిపోతుంది, అందుకే బ్రికెట్లు (గట్టిగా నొక్కిన దిమ్మలు) కొట్టించి వేస్తాం. ఇంజన్‌కు గ్యాసుతో పాటు కొంత డీజిల్ కావాలి, పూర్తిగా మానలేం, మూడింట రెండొంతుల దాకా తగ్గుతుంది. గ్యాసుతో పాటు జిగట తారు వస్తుంది, దాన్ని నీళ్లతో కడిగి, ఫిల్టర్ పెట్టి తీయాలి. ఆయన ఏమీ అనకుండా జేబులోంచి తెల్ల కర్చీఫ్ తీసి, తారు ఎంత మిగిలిందో చూడటానికి ఫిల్టర్ దాటాక ఉన్న వాల్వు దగ్గర పట్టారు. లేత కాఫీ మరక పడింది. "ఇంతేనా, ఇంకా ఎక్కువ అనుకున్నా" అన్నారు.

తర్వాత అడిగింది మాత్రం నేను ఊహించనిది. "గ్యాసు కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తున్నారు?" మా మామ నా వైపు చూశాడు. మిల్లు వెనక కంప చెట్ల మధ్య నల్లటి మడుగు. అది దాచేది కాదు, వాసనే చెబుతుంది. ముందు దానికి సిమెంటు తొట్టి కట్టి, ఆ నీళ్లే మళ్లీ వాడేలా చేయమన్నారు. కట్టాం.

సబ్సిడీ ఇంకా రాలేదు. కానీ మా కాగితం పైకి వెళ్లింది, ఈసారి ఆయన సంతకంతో, ఒక్కటే పేజీ. అందులో నేను రాసిన "విప్లవాత్మకమైన" అన్న మాటను ఆయన కొట్టేసి, పక్కన తొట్టి కొలతలు రాశారు.