‘రెండు గంటలకు’ అంటే ఎప్పుడు?

సందేహం: మా సాఫ్ట్‌వేర్‌లో తెర వెనుక నడిచే ఒక సర్వీసు టైమరు ప్రకారం బ్యాకప్ (సమాచారానికి భద్రంగా దాచే నకలు) తీస్తుంది. సహాయపత్రంలో ‘బ్యాకప్ రెండు గంటలకు నడుస్తుంది’ అని రాశాను. కొందరు దాన్ని రాత్రి రెండు గంటలని, మరికొందరు రెండు గంటలకోసారి అని అర్థం చేసుకున్నారు. ‘ప్రతి రెండు గంటలకు’ అని దిద్దితే సరిపోతుందా?

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణదోషం లేదు. గడియారంలోని వేళకూ, అరవై నిమిషాల కాలానికీ ‘గంట’ అనే మాట ఒక్కటే కావడం, దానిమీద చేరిన ‘కు’ ఒకటికి మించిన పనులు చేయడం ఈ చిక్కుకు మూలం. ‘పెళ్లి తొమ్మిది గంటలకు’ అంటే వేళ. ‘బయలుదేరిన మూడు గంటలకు ఊరు చేరాం’ అంటే గడిచిన కాలం. ‘గంటకో బస్సు’ అంటే ఆవృత్తి. ఎదురుగా మాట్లాడుకునేటప్పుడు సందర్భం ఆదుకుంటుంది గాని, సహాయపత్రం చదివేవారి పక్కన మనం ఉండం.

ఈ తేడాను జనం పలుకుబడి ఏనాడో గుర్తించింది. వేళ అయితే ఒంటిగంట, కాలం అయితే గంట. ‘రెండింటికి’, ‘మూడింటికి’ అన్న రూపాలను సమయం చెప్పేటప్పుడు వేళకే వాడతాం, కాలపరిమాణానికి వాడం. ఇంత పదునైన రూపాలను వాడుక మాటలంటూ రాతలోకి రానివ్వకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. వేళ చెప్పదలిస్తే నిస్సంకోచంగా ‘రాత్రి రెండింటికి’ అని రాయండి.

ఆవృత్తి అయితే ‘రెండు గంటలకొకసారి’ అనండి. ‘ప్రతి’ సహజంగా ఏకవచనంతో పొసగుతుంది: ప్రతిదినం, ప్రతి గంటా. ‘ప్రతి రెండు గంటలకు’ తప్పని కొట్టివేయను గాని, ‘ఒకసారి’ ఉన్నచోట ‘ప్రతి’ అవసరం లేదు. పైగా నడిచేది సర్వీసు, బ్యాకప్‌ను తీస్తాం.

మీరు అడగని మూడో సంగతి కూడా ఉంది. బ్యాకప్‌కు ఇరవై నిమిషాలు పడుతుందనుకోండి. ‘రెండు గంటలకొకసారి’ అంటే పదింటికి, పన్నెండింటికి, మళ్లీ రెండింటికి మొదలవ్వాలి. పని ముగిశాకే టైమరును మళ్లీ పెడితే మాత్రం రెండోది 12:20కి, మూడోది 2:40కి మొదలవుతుంది. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ రెండు పద్ధతులకూ వరుసగా స్కెడ్యూల్‌ఎట్‌ఫిక్స్‌డ్‌రేట్, స్కెడ్యూల్‌విత్‌ఫిక్స్‌డ్‌డిలే అని వేర్వేరు పేర్లున్నాయి. మీ టైమరు రెండో రకానిదైతే, ‘ఒక బ్యాకప్ ముగిసిన రెండు గంటలకు మరొకటి మొదలవుతుంది’ అని రాయండి. మిమ్మల్ని చిక్కులో పెట్టిన ‘రెండు గంటలకు’ ఇక్కడ ఎవరినీ తికమకపెట్టదు. లెక్క ఎక్కడ మొదలైందో ‘ముగిసిన’ అన్న మాట ముందే చెప్పేసింది.