తల్లిదండ్రుల సంతకం తీసుకుంటే ఫాం యజమానికి బాధ్యత తప్పుతుందా?

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గర బత్తాయి తోట. బర్రెలు, మేకలు, కోళ్లు, ఒక నీటికుంట ఉన్నాయి. స్కూలు పిల్లలకు టికెట్ పెట్టి తోట చూపిద్దామనుకుంటున్నాం. ‘ఏం జరిగినా ఫాం వాళ్లకు సంబంధం లేదు’ అని తల్లిదండ్రులతో రాయించుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. అమ్మానాన్నలు పెట్టిన సంతకంతో, మీ నిర్లక్ష్యం వల్ల దెబ్బ తిన్న పిల్లాడి నష్టపరిహారం హక్కు పోదు. పైగా సివిల్ దావాకు గడువు పిల్లాడికి పద్దెనిమిదేళ్లు నిండాకే లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఇవాళ్టి ప్రమాదం మీద ఎన్నో ఏళ్ల తర్వాత కూడా మీకు నోటీసు రావచ్చు. మీరు టికెట్ పెట్టారంటే 2019 వినియోగదారుల చట్టం కిందికీ వస్తారు, టికెట్ డబ్బు స్కూలు కట్టినా సరే. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. పొడిచే బర్రెనో కరిచే కుక్కనో అదుపులో పెట్టకపోతే 291వ సెక్షన్ వేరే ఉంది.

స్కూలు టీచర్లు వెంట ఉంటారు కదా అని ధీమా వద్దు. 1995లో పంజాబ్‌లోని ఒక స్కూలు పిల్లలు పిక్నిక్‌కు వెళ్లి బియాస్ నదిలో 14 మంది మునిగిపోయారు. ఒక్కో కుటుంబానికి 5 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు 2001లో ఖాయం చేసింది, స్కూలునే బాధ్యురాలిని చేసింది. అట్లాగని మీరు తప్పించుకోలేరు. స్కూలు బాధ్యత స్కూలుదే, కుంటకు కంచె లేకపోతే ఆ తప్పు మీదే.

నాకు అన్నిటికన్నా భయం మీ తోటలో ఎండిపోయిన బోర్ల గురించి. మన జిల్లాల్లో నీళ్లు పడక వదిలేసిన బోరు లేని తోట ఎక్కడుంది? 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: వాడని బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి, వాడే బోరు కేసింగ్‌కు స్టీలు ప్లేటు వెల్డింగ్ చేయించాలి లేదా బోల్టులతో గట్టి మూత బిగించాలి. గోనెసంచి కప్పి మీద బండరాయి పెట్టడం మూత కాదు. మొదటి బస్సు రాకముందే ఈ పని పూర్తి చేసి ఫోటోలు తీసి పెట్టుకోండి. మోటారు స్టార్టర్ డబ్బాకు తాళం, పురుగుమందుల గదికి తాళం తప్పనిసరి. ఖాళీ మందు డబ్బాలు కొట్టం చుట్టూ పడి ఉండకూడదు, పిల్లలు వాటితో నీళ్లు ముంచుకుంటారు. మందు కొట్టిన చెట్ల దగ్గరికి, లేబుల్ మీద రాసిన గడువు దాటేదాకా పిల్లలను పంపకండి.

ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది, చేతులు కడుక్కోవడం. దుడ్డెను నిమిరిన చేత్తోనే పిల్లాడు బత్తాయి తొనలు ఒలుచుకుని తినేస్తాడు. పశువుల పేడలో ఉండే ఈ-కోలై ఓ157 అనే బ్యాక్టీరియా చిన్నపిల్లల కిడ్నీలను దెబ్బతీయగలదు. 2009లో ఇంగ్లండ్‌లోని గాడ్‌స్టోన్ ఫాంలో ఇదే జరిగి 93 మంది జబ్బుపడ్డారు, ఎక్కువ మంది చిన్నపిల్లలే. శానిటైజర్‌తో సరిపెట్టకండి, పేడ అంటిన చేతుల మీద అది సరిగా పనిచేయదు. కొట్టానికీ తినే చోటుకూ మధ్య, పిల్లలకు అందే ఎత్తులో నల్లాలు, సబ్బు పెట్టండి. కడుక్కున్నాకే లోపలికి పంపే మనిషిని ఒకరిని అక్కడ నిలబెట్టండి. కొట్టంలో తినడం, తాగడం వద్దు. గుమ్మపాలు బలమని పోయకండి, కాచినవే ఇవ్వండి.

ఆ సంతకం కాగితాన్ని పారేయమనను, పనికొచ్చేటట్టు మార్చుకోండి. పిల్లాడికి ఏ ఎలర్జీ ఉంది, ఆస్తమా ఉందా, అర్జంటుగా ఎవరికి ఫోన్ చేయాలి అనేవి రాయించుకోండి. ఎంతమందికి ఎంతమంది పెద్దలు రావాలో స్కూలుతో ముందే రాతపూర్వకంగా ఒప్పుకోండి. పబ్లిక్ లయబిలిటీ పాలసీ (మీ దగ్గర బయటివాళ్లకు దెబ్బ తగిలితే పరిహారం కట్టే బీమా) తీసుకోండి, అందులో ఫాంకు వచ్చే సందర్శకులు, జంతువుల వల్ల అయ్యే గాయాలు కవర్ అవుతాయని ఏజెంటు నోటిమాట కాదు, పాలసీ కాగితం మీదే చూసుకుని ప్రీమియం కట్టండి.