ఎండు గింజలు కొనకు తల్లీ

చిరంజీవి స్వాతికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. మంచమంత కలువాకు మీద పసిపిల్ల కూర్చుని ఉంది. దాని గింజలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయనీ, మధురవాడ డాబా మీద వేస్తాననీ రాశావు. కొనకు తల్లీ. అది విక్టోరియా అనే పెద్దాకుల కలువ, దాని గింజ ఆరితే చచ్చిపోతుంది. కోసిన రోజు నుంచి మొలకెత్తేదాకా దాన్ని నీళ్ళలోనే ఉంచాలి. కవర్లో ఎండు గింజలు పంపేవాడు ఏ పేరు రాసినా, ఆ మొక్క మాత్రం రాదు.

అది విక్టోరియా బొలీవియానా అన్నావు కదా, దాన్ని వేరే జాతిగా గుర్తించిందే 2022లో. లండన్‌లోని క్యూ అనే వృక్షశాస్త్ర తోటల్లో దాని ఎండు నమూనా 177 ఏళ్ళపాటు ఇంకో జాతి కిందే లెక్కలో ఉండిపోయింది. బొలీవియాలో ఒక తోటలో దాని ఆకు 3.2 మీటర్లు పెరిగింది! సహజంగా పెరిగే చోట్లు మరీ తక్కువ కాబట్టి ముప్పున్న జాతుల్లో చేర్చాలని శాస్త్రవేత్తలు చెప్పారు. అలాంటిదాన్ని పెంచాలంటే చెరువంత తొట్టి కావాలి. నీ డాబాకి మన కలువ చాలు. ఒక ఏడాది దాన్ని బతికించి చూడు.

రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న ప్లాస్టిక్ టబ్బు తీసుకో. కొత్త సిమెంటు తొట్టి వద్దు, సున్నం దిగి నీళ్ళు పాడవుతాయి. అసలు సంగతంతా మట్టిలోనే ఉంది. నేను మొదటిసారి వంటింటి ఎరువు కలిపిన తోటమట్టి వేశాను. వారంలో నీళ్ళు నల్లబడి కంపు కొట్టాయి, దుంప కుళ్ళిపోయింది. చాలా బాధపడ్డాను. చెరువు బంకమట్టి ఒక్కటే వెయ్యి. గుప్పెడు ఎముకల పొడిని మట్టిలో ఉండకట్టి అడుగుకి నొక్కు. పైన రెండు వేళ్ళ మందాన ఇసుక పరిస్తే మట్టి లేవదు. దుంప మొన మాత్రం పైకి కనబడాలి. మొదట నాలుగు వేళ్ళ లోతు నీళ్ళే పొయ్యి, కాడ సాగేకొద్దీ పెంచు. కుళాయి నీళ్ళయితే ఒక రోజు నిలవుంచి పొయ్యి. ఉప్పు బోరు నీళ్ళు అసలు వద్దు, ఆకు అంచులు మాడిపోతాయి. ఆరు గంటల ఎండ తగలకపోతే ఆకులే తప్ప పువ్వు రాదు.

దోమలకి నాలుగు గప్పీ చేపలు వదులు.

నర్సరీలో కలువనీ తామరనీ కూడా లోటస్ అనే అమ్ముతారు. ఆకు చీలి నీటిమీద పరుచుకుంటే కలువ, చీలిక లేకుండా గుండ్రంగా కాడమీద లేస్తే తామర. కొండకర్ల ఆవ సరస్సుకి వెళ్ళినప్పుడు తాటిదోనెలోంచి చెయ్యి చాపి దుంప పీకకు. అక్కడివి అక్కడే ఉండాలి. వాటి మీద బతికే పిట్టలూ మనుషులూ ఉన్నారు.

2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నా తొట్లన్నీ దొర్లిపోయాయి. ఒక్క దుంపని బకెట్లో దాచాను. ఇప్పుడున్నవన్నీ దాని పిల్లలే. తెల్లకలువ, సాయంత్రం విచ్చుకుంటుంది. ఆదివారం బకెట్ పట్టుకుని రా, ఒక దుంప విడదీసి ఇస్తాను. మట్టి ముందే తెచ్చి నానబెట్టి ఉంచు.

నీ పెదనాన్న